వాడామల్లి దారం, రెండు కూపన్లు

ధర్మపురి బస్టాండుకు పది నిమిషాల నడకలో ఉన్న ఒక అంగడిలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, పోయిన ఏడాది ఇంటికి వచ్చేశాను. దారాలు, పూసలు, చమ్కీలు, జరీ, ఊలు, గుడ్డ మీద వేసే రంగులు, జిగురు, అట్టలు, ఇలా చేతిపని చేసుకునేవాళ్లకు కావలసినవన్నీ అమ్మే అంగడి అది. ఇప్పుడు అలాంటి అంగళ్లలో పొద్దుటినుంచి రాత్రిదాకా నిలబడి అమ్ముతున్న ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను. కొనడానికి వచ్చేవాళ్లు చదివినా నష్టం లేదు. యజమానులు చదివితే ఇంకా మంచిది.

ముందే చెప్పేస్తాను. నన్ను కౌంటరు నుంచి తీసి గోదాములో పడేశారు. కస్టమర్లకు లేనిపోని తెలివితేటలు నేర్పిస్తున్నానని, పండగ రోజు అంగడి ముందు రచ్చ చేశానని నా మీద నేరం. రెండూ నిజమే. రెండింటికీ నేను ఈ రోజుకూ తల వంచను. నేను తల వంచుకోవలసిన సంగతి వేరే ఉంది, అది ఎవరూ నా మీద మోపలేదు. అదీ దాచకుండా చెబుతాను.

మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. అమ్మానాన్నలు పాపిరెడ్డిపట్టి వైపు కూలిపనులు చేసుకున్నవాళ్లు. నేను ఎనిమిదిదాకా చదివింది అరవంలోనే. మరి ఈ తెలుగు అక్షరాలు ఎక్కడివంటే, అట్టపెట్టెల మీదివి. పెళ్లయిన రెండో ఏడు నేను ఆ అంగడిలో చేరినప్పుడు పెద్ద మొదలాలి ఉండేవారు. యజమానిని మా వైపు మొదలాలి అంటాం. ఆయనా మనవాళ్లే, తాతముత్తాతల నుంచి ధర్మపురిలో వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. సరుకు రాగానే ప్రతి దారం పెట్టె మీదా నల్లరంగుతో ఒక తెలుగు అక్షరం రాసేవారు. ఈ లోడులో వచ్చినదానికి క, తరువాతి లోడుకు ఖ, ఆ పైన గ. పెట్టెలో ఉన్న ఒక్కొక్క రీలు అడుగునా అదే అక్షరం చిన్నగా వేయించేవారు. ఆ పని చేసేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అలా నా అక్షరాభ్యాసం గోదాములో, దుమ్ములో జరిగింది. అ ఆలు మాత్రం చాలా కాలానికి గానీ రాలేదు, ఎందుకంటే ఆయన క నుంచే మొదలుపెట్టేవారు.

ఆ అక్షరం ఎందుకో తెలియాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. దారం మీద రంగుకు ఒక నంబరు ఉంటుంది. ఈ నంబరు ఎరుపు, ఆ నంబరు పసుపు. కానీ రంగు వేసే తొట్టి మారినప్పుడల్లా అదే నంబరు రంగు కూడా రవ్వంత మారుతుంది. అంగట్లో ట్యూబులైటు కింద ఆ తేడా ఎవరికీ కనబడదు. ఎండలోకి తీసుకెళితే కనబడుతుంది. అందుకని పెద్ద మొదలాలికి ఒక కట్టుబాటు ఉండేది: ఒక పనికి ఒక పెట్టె. పది రీళ్లు కావాలని వచ్చిన మనిషికి క పెట్టెలో ఎనిమిదే ఉంటే, ఖ పెట్టెలోంచి రెండు తీసి కలపనిచ్చేవారు కాదు. ఖ పెట్టెలోంచే పదీ ఇవ్వమనేవారు. ఖ పెట్టె లేకపోతే బేరం పోయినా సరే, వచ్చే వారం రమ్మనేవారు.

ఇంకొకటి కొసరు. బిల్లు అయిపోయాక, అదే పెట్టెలోంచి ఒక రీలు, చిన్న బేరమైతే చిటికెడు పూసలు, చేతిలో పెట్టేవారు. అసలుకన్నా కొసరు ముద్దు అని ఆడవాళ్లు నవ్వుకుంటూ తీసుకునేవారు. నేను కొత్తలో ఒకసారి అడిగాను, ఊరికే ఇంత ఇచ్చేస్తే ఎలాగని.

"అది దానం అనుకొంటివా పాపా?" అన్నారాయన. "రేపు ఒక పోగు తెగితే ఆ మనిషి అదే రంగును ఏడ పోయి తెచ్చుకొనేది? ఈ లోడు అప్పటికి అయిపోయి ఉంటాది. ఆ ఒక్క రీలు దాని కోసరం."

ఆయన పోయాక అంగడి చిన్న మొదలాలి చేతికి వచ్చింది. ఆయన కొడుకు. నేను చేరినప్పుడు నిక్కరు వేసుకుని ఊలు ఉండలతో బంతాట ఆడిన పిల్లవాడు. అందుకే ఆఖరుదాకా నేను తంబీ అనే పిలిచాను, అతను అక్కా అనే పిలిచాడు. చెడ్డవాడు కాదు. పనివాళ్లకు కుర్చీలు వేయించాడు, మధ్యాహ్నం అన్నానికి గంట టైము ఇచ్చాడు. కానీ కోయంబత్తూరులో చదివి వచ్చి, అంగడికి గాజు తలుపులు పెట్టించి, అట్టపెట్టెలన్నీ తీసేయించాడు. రంగు నంబరు ప్రకారం ప్లాస్టిక్ ట్రేలు. ఏ లోడు రీళ్లయినా ఆ ట్రేలోనే కుమ్మరించాలి. కస్టమరు తానే ఏరుకోవాలి. రీళ్ల అడుగున అక్షరం వేయడానికి అయిదుగురు మనుషుల పని దండగన్నాడు. తెలుగు చదవడం అతనికి రాదు, ఆ అక్షరాలు అతనికి చీమలు పాకినట్టు కనబడేవేమో.

కొసరు కూడా ఆపేశాడు. దాని బదులు కూపన్లు వచ్చాయి. మొదట కాగితం మీద, తరువాత ఫోనులో. వెయ్యి రూపాయలకు తగ్గకుండా కొంటే నూరు తగ్గింపు. కింద చీమతలకాయంత అక్షరాల్లో: బిల్లుకు ఒకటే, మనిషికి వారానికి ఒకటే, ముందే ధర తగ్గించిన సరుకుకు చెల్లదు, కూపన్ మీద కొన్నది మార్చబడదు.

ఆ చిన్న అక్షరాలు ధర్మపురిలో పూర్తిగా చదివిన మొదటి మనిషిని నేనే. చదవడమే కాదు, కౌంటరు దగ్గర అందరికీ అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఎనిమిది వందల సరుకు పట్టుకొచ్చి, వెయ్యి చేయడానికి ఇంకేం కొనాలా అని అటూ ఇటూ చూస్తున్న ఆడమనిషిని ఆపి, "నూరు మిగిలించేదానికి రెండు నూర్ల పూసలు కొంటావా అమ్మా? ఈ పూసలను ఏం చేస్తావు, పప్పులో వేస్తావా?" అనేదాన్ని. చెట్టికరై కాలేజీ నుంచి ఏదో వేడుక అలంకరణకని ఇద్దరు అమ్మాయిలు వచ్చి చెరొక అయిదు వందల బిల్లు వేయించబోతే, ఇద్దరిదీ ఒకే బిల్లు చేయించాను. తగ్గింపు ట్రేలోని సరుకును, పూర్తి ధర సరుకును విడివిడిగా పెట్టించి, కూపన్ దేనికి చెల్లుతుందో చూపించేదాన్ని. ఒకసారి ఆడి నెల, అంటే మన ఆషాఢం, తగ్గింపులు వస్తున్నాయనగా ధరలు పెంచిన కొత్త స్టిక్కర్లు వచ్చాయి. వాటిని పాత స్టిక్కర్ల మీదే అంటించారు. ఒకావిడ ధర చూసి మూతి ముడుచుకుంటే, "గోరుతో కొంచెం గీకి చూడు" అన్నాను.

ఆ సాయంత్రం చిన్న మొదలాలి నన్ను పిలిచి అడిగాడు. అంగడిని మా వైపు కడ అని కూడా అంటాం.

"అక్కా, నువ్వు కడ మనిషివా, కస్టమర్ మనిషివా?"

"కడకు వచ్చే మనుషులకు అమ్మేదానికి పెట్టినావు తంబీ. వాళ్లు మళ్లీ వచ్చేట్టు అమ్ముతా ఉండాను."

"నీకు జీతం ఇచ్చేది నేను."

"నీకు ఇచ్చేది వాళ్లు" అన్నాను.

అతను గల్లాపెట్టె వైపు తిరిగిపోయాడు. నాకు మాత్రం తల మీద కొమ్ములు మొలిచినట్టయింది. మా వీధి ఆడవాళ్లు కూపన్లు పట్టుకుని నేరుగా నా కౌంటరుకే వచ్చేవారు. కూపనక్క అని నాకొక పేరు కూడా పెట్టారు. చూడండి పిల్లలూ, మనిషికి పేరు వచ్చిందంటే పడే రోజు దగ్గరికి వచ్చినట్టే. నేను పడ్డాను. నేను పడింది సరే, ఇంకొకామెను వెంట లాగి పడ్డాను.

ఆమె పెన్నాగరం అవతల పల్లె నుంచి వచ్చేది. ముప్పై ఏళ్లుంటాయి. నోరు తెరిస్తే మన మాటే. చింతపండు మండీలో గింజలు కొట్టే దినకూలి చేస్తూ, ఊళ్లో మూడు నెలలు ఉచితంగా నేర్పిన ఆరి పని నేర్చుకుంది. కొక్కెం లాంటి సూదితో చట్రానికి బిగించిన గుడ్డ మీద గొలుసుకుట్టు కుట్టే పని. పెళ్లి రవికలకు మా వైపు అది లేకపోతే కుదరదు. రెండేళ్లు చిన్నాచితకా రవికలు కుట్టాక ఆమెకు మొదటి పెళ్లి రవిక ఒప్పందం దొరికింది. ఆడి నెలలో పెళ్లిళ్లు ఉండవు కదా. తరువాతి నెల ఆవణిలో మొదటి ముహూర్తానికి కావలసిన రవికలన్నీ ఆడిలోనే కుడతారు. అంగళ్లలో ఆడి తళ్ళుబడి, అంటే తగ్గింపు అమ్మకాలు, అవీ అప్పుడే.

చీటీ రాసుకుని వచ్చింది. బొగడబంతి పువ్వు ఊదా, మా వైపు వాడామల్లి అంటాం, ఆ రంగు సిల్కు దారం పది రీళ్లు, జరీ, పూసలు, రాళ్లు. మొత్తం రెండు వేల పైచిలుకు. దేనికెంతో వేళ్ల మీద లెక్క పెట్టుకుని వచ్చింది, ఒక్కటి ఎక్కువ లేదు. ఫోనులో కూపన్ చూపించింది. నూరు తగ్గుతుంది.

నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు.

"రెండు వేలకూ ఒకే కూపన్ వేస్తే ఒక నూరే. సగం ఇప్పుడు తీసుకో. సగం వచ్చే వారం వచ్చి తీసుకో. ఇంకో నూరు వస్తాది."

"మొత్తం ఒక తడవే తీసుకొని పోతాను అక్కా" అంది. "మళ్లీ వచ్చేదంటే ఒక దినం పని చెడతాది."

"ఆడవాళ్లకు బస్సు ఊరికేనే కదా. ఊరికే వచ్చే నూరును వద్దంటావా?"

చీటీని మళ్లీ ఒకసారి చూసుకుంది. అప్పుడు అడిగింది, అడగవలసిన మాట.

"దారం రంగు కలుస్తాదా అక్కా?"

"నంబరు అదే కదా. ఎందుకు కలవదు?" అన్నాను.

నేను తల వంచుకోవలసింది ఆ ఒక్క మాటకు. ఆ కట్టుబాటు తెలియనివాళ్లు అంటే పోనీ అనుకోవచ్చు. వేల రీళ్ల అడుగున నా చేత్తో అక్షరాలు వేసిన దాన్ని. నూరు రూపాయలు మిగిలించానన్న గొప్పలో ముప్పై ఏళ్ల పాఠాన్ని మింగేశాను. ఆమె నన్ను నమ్మి అయిదు రీళ్లు తీసుకెళ్లి, వారం తిరిగాక వచ్చి మిగతా అయిదు తీసుకుంది. రెండోసారి కూడా కూపన్ నేనే చూసి, నవ్వుతూ బిల్లు వేయించాను. మధ్యలో కొత్త లోడు వచ్చి అదే ట్రేలో పడింది. నాకు తెలుసు. ట్రేలో వేసింది నేనే.

ఆడి పద్దెనిమిదో రోజు మా వైపు పెద్ద పండగ. కావేరికి కొత్తనీరు వచ్చిందని జనమంతా హొగెనకల్ వైపు పోతారు. పెన్నాగరం మీదుగా పోయే బస్సులకు మనుషులు తేనెపట్టులా వేలాడతారు. ఆ బస్సులన్నీ అటు పోతుంటే ఆమె ఖాళీ బస్సులో ఇటు వచ్చింది. మా అంగట్లో ఆ రోజు కాలు పెట్టడానికి చోటు లేదు. తళ్ళుబడి ఆఖరి రోజులు, పైగా ఆ ఒక్క రోజుకు నూట యాభై కూపన్. జనాన్ని తోసుకుని నా కౌంటరు దగ్గరికి వచ్చి, పసుపు సంచిలోంచి రవిక తీసి నా ముందు పరిచింది.

వీపంతా తీగలు, మధ్యలో రెండు చిలకలు. గొలుసు ఒక్కచోట వంకర పోలేదు. అంత మంచి పని చూసి చాలా రోజులైంది. "ఎంత బాగా కుట్టినావే" అన్నాను.

"బయటికి రా అక్కా" అంది.

ఎండలోకి తీసుకెళ్లి రవికను రెండు చేతులతో పట్టుకుంది. వీపు, కుడి చేయి వాడామల్లి. ఎడమ చేయి బీట్‌రూట్ ముక్కలా ఎర్రగా ఉంది.

"పెళ్లికూతురి అమ్మ వాకిట్లో పట్టి చూసింది" అంది. "ఒక చేయి అక్కది, ఒక చేయి చెల్లెలిదా అని అడిగింది. మూడు దినాల్లో సరిచేయి, లేదంటే పట్టుగుడ్డకు నష్టం కట్టు అనింది. ఊరంతా వినేట్టు అనింది అక్కా."

నేను ఎడమచేతి కుట్టును ఎండకు తిప్పి మళ్లీ చూశాను.

"నీ తప్పు అని చెప్పేదానికి రాలేదు. మొదటి తడవ ఇచ్చిన దారం ఉంటే ఇయ్యి. నాలుగు రీళ్లు చాలు, ఆ చేయి పీకి మళ్లీ కుడతాను. ఈ రవిక పోయిందంటే నాకు ఇంకెవరూ పని ఇయ్యరు. మళ్లీ చింతపండు గింజలు కొట్టేదే."

నా తప్పని ఆమె అనలేదు. అని ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

లోపలికి వెళ్లి చిన్న మొదలాలికి చెప్పాను. గల్లాపెట్టె దగ్గర ఊపిరి తిప్పుకోకుండా ఉన్నాడు. సగం విని, గోడ మీది నోటీసు చూపించాడు.

"కూపన్ సరుకు మార్చేది లేదు అక్కా. చిన్న అక్షరాలు అందరికీ చదివి చెప్పేది నువ్వే కదా?"

ఆ దెబ్బ నాకు తగలవలసిందే, తగిలింది. కానీ తప్పు నాదైతే శిక్ష ఆమెకెందుకు? ఆ ప్రశ్నకు గోడ మీద జవాబు లేదు. నేను వెనక్కి తిరిగి, అర నుంచి వాడామల్లి ట్రేను రెండు చేతులతో ఎత్తుకుని, జనం మధ్యలోంచి గాజు తలుపు తోసుకుని బయటికి వచ్చాను. అంగడి మెట్ల మీద కూర్చున్నాను. ట్రేను ఎండలో బోర్లించాను. నూటికి పైగా రీళ్లు. ఒక్కొక్కటి రవిక కుడిచేతి పక్కన పెట్టి చూడడం, ఎర్రగా ఉంటే పక్కకు వేయడం. ఆమె కూడా నా పక్కన కూర్చుంది.

లోపలికి వచ్చేవాళ్లు మా కాళ్ల మీదుగా దాటాల్సి వచ్చింది. దాటుతూ ఏమిటని అడిగారు. నేను ఏదీ దాచలేదు. "నేను ఈమెకు తప్పు చెప్పినాను. నంబరు ఒకటైతే రంగు ఒకటే అన్నాను. ఇదో చూడండి" అని ఎవరు అడిగితే వాళ్లకు రవికను ఎండకు పట్టి చూపించాను. అడిగినవాళ్లు లోపలికి పోవడం మానేసి నిలబడ్డారు. కాసేపటికి అతను బయటికి వచ్చాడు.

"అక్కా, ఏం చేస్తా ఉండావు? లే. కడ పరువు తీస్తా ఉండావు."

"పరువు తీసింది ఆ దారం అమ్మిన పొద్దే తంబీ. ఇప్పుడు కుడతా ఉండాను."

"ఆ రీళ్లు ఊరికే ఇచ్చేదానికి నీకు ఎవరు చెప్పినారు?"

"ఊరికే కాదు. రెండు బిల్లులు వేసినాము ఈమెకు. రెండిటికీ కొసరు ఇయ్యలేదు. అది ఇప్పుడు ఇస్తా ఉండాను."

"కొసరు ఆపి ఎన్ని దినాలైంది?"

"ఆపింది నువ్వు. నేను ఆపలేదు."

అతని ముఖం ఎర్రబడింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అతనినే చూస్తున్నారు. గొంతు తగ్గించాడు.

"రేపటినుంచి రావద్దు అంటే ఏం చేస్తావు?"

"రావద్దంటే రాను. ఈ పొద్దు మాత్రం ఈడనే కూర్చుంటాను. నాలుగు రీళ్లు దొరికిందాకా లేవను."

అప్పటికి మా ఆయన పోయి అయిదేళ్లు. ఆ జీతం తప్ప నాకు ఇంకో ఆధారం లేదు. ధైర్యం చేశానని ఇప్పుడు గొప్పగా చెప్పుకోవచ్చు కానీ, ఆ నిమిషంలో నాకు కలిగింది కోపం. సగం అతని మీద, సగం నా మీద. అతను గాజు తలుపు తోసుకుని లోపలికి పోయాడు.

ట్రే మొత్తం చూసేసరికి మూడు రీళ్లు దొరికాయి. నాలుగోది లేదు. రెండోసారి చూశాం, మూడోసారి చూశాం, లేదు. ఆమె చేతిలో మొదటి లోడు దారం అర రీలు మిగిలింది. ఇంకా అర రీలు కొదువ.

ఆమె రవికను తిప్పి తిప్పి చూసి ఉన్నట్టుండి నవ్వింది. "చంక కింద ఈ ఎర్రదే వదిలేస్తాను అక్కా. పైన కనబడేదంతా మారుస్తాను. తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురు చెయ్యి పైకి ఎత్తుతాదా ఏమి?"

నాకూ నవ్వు వచ్చింది. మెట్ల మీద ఇద్దరం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. అది మోసమని మీలో ఎవరికైనా అనిపిస్తే, వచ్చి నాతో వాదించండి. పని తెలిసినవాళ్లు కొదువను కంటికి ఆనని చోట పెడతారు. పని తెలియనివాళ్లు నడివీపున పెడతారు. అంతే తేడా.

గొలుసుకుట్టుకు ఒక గుణముంది. చివరి ముడి తెంపి పోగు లాగితే గంటల తరబడి కుట్టినది జరజరా ఊడివస్తుంది. ఎడమచేతి ముడి ఆమె తెంపింది. కానీ లాగలేదు, నాకు ఇచ్చింది. నేను లాగాను. మూడు రాత్రులు కుట్టిన తీగ నా వేలికి చుట్టుకుంటూ వచ్చేసింది. రాలిన పూసలను నా టిఫిన్ డబ్బా మూతలో ఏరిపెట్టాం. ఆ దారం ఉండను నేను కొంగున ముడివేసుకున్నాను, ఇంకా నా దగ్గర ఉంది.

మధ్యాహ్నం బస్సుకు ఆమె వెళ్లిపోయింది. నేను లేచి చూస్తే అంగడి ముందు పది పన్నెండు మంది ఆడవాళ్లు. ఒక్కొక్కరి చేతిలో రెండు రెండు రీళ్లు, ఎండకు పట్టి ఇటూ అటూ తిప్పి చూస్తున్నారు. కూపన్లున్న ఫోన్లు రవికల్లో దోపుకున్నారు. లోపల అమ్మే పిల్లలను అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: "ఇవన్నీ ఒకే పెట్టెవేనా?"

మరునాడు నేను ఎప్పటిలాగే వెళ్లాను. రావద్దని అతను అనలేదు. "ఇంక నువ్వు గోదాము చూసుకో అక్కా" అన్నాడు, నా ముఖం చూడకుండా. శిక్ష అనుకుని వేశాడు. నేను లోపలికి పోయి, ఒక నల్లరంగు పెన్ను కొనుక్కొచ్చి, మర్నాడు వచ్చిన లోడు పెట్టెల మీదా, విప్పి రీళ్ల అడుగునా క అని రాయడం మొదలుపెట్టాను. అయిదుగురి పని దండగన్నాడు కదా, ఒక్కదాన్నే రాశాను. ట్రేలలో చెక్క పలకలు అడ్డం పెట్టించి, క ఒకవైపు, ఖ ఒకవైపు వేయించాను. నన్ను ఎవరూ చేయమనలేదు, నేను ఎవరినీ అడగలేదు. అతను ఒకరోజు గోదాములోకి వచ్చి, ఒక రీలు తిరగేసి అడుగున చూసి, మళ్లీ అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

ఆవణి నెల సగంలో ఆమె వచ్చింది. పెళ్లి జరిగిపోయింది. పెళ్లికూతురి అమ్మ రవికను మళ్లీ వాకిట్లో పట్టి చూసి, తలాడించి, మిగతా కూలి ఇచ్చేసింది. పెళ్లికొడుకు అక్క ఇంకో రవిక ఒప్పజెప్పింది. ఈసారి చీటీలోని సరుకంతా ఒకే రోజు, ఒకే పెట్టెలోంచి తీసుకుంది. ఇంకో వారం ఆగితే ఇంకో కూపన్ చెల్లుతుందని బిల్లు వేసే అమ్మాయి చెబితే, "ఆ నూరు మీరే పెట్టుకోండి" అంది. నేను గోదాములో ఉండి విన్నాను.

మూడేళ్లు గోదాములోనే ఉండి పోయిన ఏడాది పని విరమించాను. ఆ రోజు నాకు శాలువా కప్పారు, మిఠాయి పెట్టారు. ఒక కవరు ఇచ్చారు. ఇంటికి వచ్చి విప్పితే రెండు వేల రూపాయల కూపన్. ముప్పై నాలుగేళ్లకు కూపన్! కింద చిన్న అక్షరాలు కూడా ఉన్నాయి: ముప్పై రోజుల్లో వాడాలి, ఒకే బిల్లుకు, మార్చబడదు. ఒక పూటంతా నవ్వుకున్నాను, ఒక పూట ఏడ్చాను కూడా. చించేద్దామనిపించింది. తరువాత అనుకున్నాను, కూపనక్క కూపన్ చించడమేమిటి, చక్కగా వాడాలి గానీ.

ఇరవై తొమ్మిదో రోజు వెళ్లాను. ఆ పెన్నాగరం ఆమె ఇప్పుడు నలుగురు ఆడపిల్లలకు ఆరి పని నేర్పిస్తోంది. ఏం కావాలని ఆమెనే అడిగాను. వాడామల్లి దారం, విప్పని పెట్టె ఒకటి అంది. అది రెండు వేలకు ముప్పై ఎక్కువ, ఆ ముప్పై చేతిలో పట్టుకుని వెళ్లాను. పక్కన ఇంకేదీ చూడలేదు. బిల్లు వేసే చోట చిన్న మొదలాలే కూర్చున్నాడు. కూపన్ తీసుకున్నాడు, బిల్లు ఇచ్చాడు, పెట్టెను సంచిలో పెట్టి నా వైపు జరిపాడు. నేను సంచి తీసుకోలేదు. కుడిచేయి చాపి అతని ముందు పెట్టాను.

"ఏమక్కా?"

"కొసరు" అన్నాను.

నా వెనకాల ఆరేడుగురు నిలబడి ఉన్నారు. అతను నా చేయి చూశాడు, నా ముఖం చూశాడు. నేను చేయి వెనక్కి తీసుకోలేదు. సంచిలోంచి పెట్టెను మళ్లీ బయటికి తీశాడు. దాని మీద నేను వెళ్లేముందు రాసిన అక్షరాన్ని కాసేపు చూశాడు. లేచి వాడామల్లి ట్రే దగ్గరికి పోయి, ఒక రీలు తీసి అడుగు చూసి వదిలేశాడు. ఇంకొకటి తీసి చూసి, అదీ వదిలేశాడు. మూడోదాన్ని పట్టుకొచ్చి పెట్టె పక్కన ఆనించి, తెలుగు చదవడం రాని ఆ మనిషి, ఒక అక్షరాన్ని ఇంకో అక్షరంతో వంపు వంపుకూ పోల్చి చూశాడు.

రెండూ ఒకటే. రీలు నా అరచేతిలో పెట్టాడు.